గ్రానైటు బండల పక్కన, కొండ మీద టెంట్: నెల్లూరు, ప్రకాశం వాళ్ల కోసం హార్స్‌లీ హిల్స్ క్యాంపింగ్ సమగ్ర మార్గదర్శి

మైపాడులోనో కొత్తపట్నంలోనో ఇసుకలో టెంట్ వేసి అలవాటైనవాళ్లు, అదే సామాను కారులో వేసుకుని కొండెక్కేసి తిప్పలు పడుతున్నారు. మేకు దిగడం లేదంటారు, అర్ధరాత్రి వీపు గడ్డకట్టిందంటారు, పప్పు ఉడకలేదంటారు. ఈ మూడింటికీ కారణాలు రెండే. కింద ఉన్నది ఇసుక కాదు, బండ. ఆ బండ సముద్రం పక్కన లేదు, నాలుగు వేల అడుగుల ఎత్తున ఉంది. ఈ రెండూ గుర్తుపెట్టుకుని సర్దుకుంటే తక్కినదంతా తేలికే.

ఇక్కడ చెప్పేది నలుగురు మనుషులు, రెండు రాత్రులు, ఒక కారు లెక్కన.

1. ఎక్కడ, ఎవరి అనుమతితో

మన వెలిగొండల్లో గ్రానైటు తక్కువ. అక్కడ ఎక్కువగా పలుగురాయి జాతి బండలు, మార్కాపురం వైపుకి పోతే పలకరాయి. గుండ్రటి పెద్ద గ్రానైటు బండలు, చల్లటి ఎత్తు రెండూ ఒకేచోట కావాలంటే మదనపల్లె దగ్గరి హార్స్‌లీ హిల్స్ మనకి అందుబాటులో ఉన్న చోటు. ఎత్తు సుమారు 1,260 మీటర్లు. గాలి జోరుగా వీచే గాలిబండ అనే ఎత్తైన బండ ఉన్నది అక్కడే.

పెంచలకోన చుట్టూ ఉన్నది శ్రీ పెనుశిల నరసింహ అభయారణ్యం. దోర్నాల దాటితే నాగార్జునసాగర్–శ్రీశైలం పులుల అభయారణ్యం. "మా ఊరి కొండే కదా" అని రిజర్వు అడవిలో రాత్రి దిగితే 1967 నాటి ఆంధ్రప్రదేశ్ అటవీ చట్టం, అభయారణ్యమైతే దాంతోపాటు 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం మెడకు చుట్టుకుంటాయి. తెలిసిన గార్డు ఉన్నాడన్న మాట రాత్రి గస్తీకి వచ్చినవాళ్ల ముందు పనికిరాదు.

హార్స్‌లీ హిల్స్‌లోనూ ఖాళీ కనబడిన చోటల్లా టెంట్ వేయడానికి లేదు. కనీసం పది రోజుల ముందు అక్కడి టూరిజం రిసార్టుకి, అటవీ శాఖ రేంజ్ కార్యాలయానికి ఫోన్ చేసి ఇవి అడగండి:

- సొంత టెంట్‌కి చోటిస్తారా? ఎక్కడ?
- రాత్రి మరుగుదొడ్డి తెరిచి ఉంటుందా?
- గ్యాస్ పొయ్యికి ఒప్పుకుంటారా?
- ఘాటు రోడ్డు రాత్రి ఎన్నింటికి మూస్తారు?
- బండల దగ్గరికి ఎన్నింటి దాకా పోనిస్తారు?

ఒప్పుకుంటే వాట్సాప్‌లోనైనా రాతలో తీసుకోండి. నోటిమాట డ్యూటీ మారేసరికి మారిపోతుంది.

2. ఏ నెలలో

డిసెంబరు చివరి నుంచి ఫిబ్రవరి మధ్య వరకు మంచి రోజులు. అక్టోబరు, నవంబరు, డిసెంబరు మొదటివారాలు ఈశాన్య రుతుపవనాలవి. బంగాళాఖాతంలో వాయుగుండం అని వినబడితే ప్రయాణం మానుకోండి, మళ్లీ పోవచ్చు. మార్చి నుంచి గడ్డి ఎండిపోయి కార్చిచ్చు భయం. ఏప్రిల్, మే సాయంత్రాల్లో ఉరుముల వాన.

చలి లెక్క ఇలా వేసుకోండి. ప్రతి 1,000 మీటర్ల ఎత్తుకి గాలి సగటున 6.5 డిగ్రీలు చల్లబడుతుంది. 1,260 మీటర్లకి సుమారు 8 డిగ్రీలు. జనవరి రాత్రి నెల్లూరులో 20 ఉంటే కొండ మీద 12. మబ్బు లేని రాత్రి గాలి కూడా తోడైతే ఒంటికి ఇంకా తక్కువే తెలుస్తుంది. పన్నెండు డిగ్రీలంటే ఉత్తరాది వాళ్లు నవ్వుతారు గానీ, ఏసీ 24లో పెట్టుకుని దుప్పటి కప్పుకునే మనకి అది నిద్రపట్టని చలి.

కొండ జబ్బు గురించి కొందరు అడుగుతుంటారు. అది సాధారణంగా 2,500 మీటర్లు దాటాక వచ్చే బాధ. ఇక్కడ దాని ఊసే అక్కర్లేదు.

3. సామాను

టెంట్ డబ్బా మీద నలుగురికి అని రాసి ఉంటే ముగ్గురికి సరిపోతుందని అర్థం. నలుగురికి ఆరుగురి టెంట్ తీసుకోండి, లేదా రెండు చిన్నవి. చిన్న టెంట్లయితే బండల మధ్య చోటు దొరకడం తేలిక. తప్పనిసరిగా రెండు పొరలది, అంటే లోపల దోమతెర గది, పైన విడిగా వాన కప్పు ఉన్నది కావాలి. ఒంటి పొర టెంట్‌లో ఊపిరి ఆవిరి గోడలకి పట్టి, తెల్లవారుజామున చుక్కలు చుక్కలుగా ముఖం మీద పడుతుంది. పడుకున్నవాళ్లు వాన కారిందనుకుంటారు.

గమనించాల్సిన ఇంకో సంగతి: దానంతట అది నిలబడే డోమ్ టెంటే తీసుకోండి. మేకులు కొడితేనే నిలబడే రకం బండ మీద వట్టి గుడ్డ.

టెంట్, కట్టుబడి:

- డోమ్ టెంట్, విడి వాన కప్పు
- నేల పరుపు: వడ్లు ఆరబోసుకునే బరకం ముక్క చాలు
- 4–5 మి.మీ. నైలాన్ తాడు 40 మీటర్లు (వలల సామాను అమ్మే అంగళ్లలో దొరికేది చవక, గట్టి)
- ఉతికి ఆరబెట్టిన ఖాళీ యూరియా సంచులు 8
- పాత లుంగీ లేదా గోనె ముక్కలు: తాడు రాయికి ఒరిసే చోట చుట్టడానికి
- ఇనుప మేకులు 10: మట్టి దొరికిన మూలలకి
- తోలు చేతి తొడుగులు ఒక జత

పడక, బట్టలు (మనిషికి):

- 10 మి.మీ. ఫోమ్ మ్యాట్
- బొంత ఒకటి, మందపాటి రగ్గు లేదా స్లీపింగ్ బ్యాగు ఒకటి
- ఉన్ని టోపీ, మేజోళ్లు రెండు జతలు, గాలి ఆపే జాకెట్
- రాత్రికి విడిగా పొడి బట్టలు

మిగతావి: తలకి కట్టుకునే లైట్లు మనిషికొకటి, మూత గట్టిగా పడే ప్లాస్టిక్ డబ్బా (తిండికి), ఈల, చిన్న పార, చెత్త సంచులు, మామూలు మందులు, ఓ.ఆర్.ఎస్. పొట్లాలు.

బయల్దేరే వారం ముందు మిద్దె మీద టెంట్ వేసి చూడండి. మిద్దె కూడా మేకు దిగని నేలే కాబట్టి సగం అభ్యాసం అక్కడే అయిపోతుంది. బకెట్‌తో నీళ్లు పోసి కుట్ల దగ్గర కారుతోందేమో కూడా అప్పుడే తేలుతుంది.

4. దారి, వేళ

నెల్లూరు నుంచి నాయుడుపేట, శ్రీకాళహస్తి, తిరుపతి, పీలేరు, మదనపల్లె. ఒంగోలు వాళ్లకి నెల్లూరు దాకా ఇంకో 120 కి.మీ. అదనం. నెల్లూరు నుంచి తెల్లవారి 5 గంటలకి, ఒంగోలు నుంచి 3 గంటలకి బయల్దేరితే టిఫిన్లు, టీలు పోను మధ్యాహ్నం రెండు లోపల మదనపల్లె చేరతారు. నీళ్ల క్యాన్లు, కూరగాయలు, పెట్రోలు అక్కడే చూసుకోండి. అక్కడి నుంచి కొండకి సుమారు 30 కి.మీ.

గురి ఒక్కటే. మూడున్నరకల్లా పైన ఉండాలి. జనవరిలో ఆరు దాటగానే పొద్దుగుంకి, ఆరున్నరకల్లా చీకటి పడుతుంది. చోటు చూడటానికి అరగంట, టెంట్‌కి గంట, వంటకి గంట పడుతుంది. చీకట్లో టార్చి పట్టుకుని బండ మీద వేసిన టెంట్ సాధారణంగా తప్పు చోటే వేసి ఉంటుంది.

ఘాటు దిగేటప్పుడు ఏ గేరులో ఎక్కారో అదే గేరులో దిగండి. పొద్దున మంచు కమ్మితే హెడ్‌లైట్ డిమ్‌లోనే ఉంచాలి. బ్రైట్ వేస్తే వెలుతురు మంచు మీద పడి తిరిగి మీ కళ్లలోకే కొడుతుంది.

5. చోటు చూడటం

అనుమతించిన స్థలంలోనే ఒక మూలకీ ఇంకో మూలకీ చాలా తేడా ఉంటుంది. టెంట్ దింపకముందే ఇవి చూడండి.

నల్ల చారలు. పెద్ద బండ మీద పైనుంచి కిందికి నల్లగా చారలు కనిపిస్తే అవి వాననీళ్లు దిగే దారులు. గ్రానైటు నీళ్లు పీల్చదు, పడ్డదంతా షీటులా జారి ఆ చారల వెంటే వస్తుంది. చార కింద టెంట్ వేస్తే పావుగంట వానకే లోపల మడుగు.

ఊడే పొరలు. గ్రానైటు ఉల్లిపాయలా పొరలుగా ఊడుతుంది. పిడికిలితో తట్టండి. ఖంగుమంటే గట్టి బండ, డొల్లగా మోగితే అది ఊడబోయే పొర. దాని కింద పడుకోవద్దు, దానికి తాడు కట్టొద్దు.

తేనెపట్టు. తలెత్తి బండ అంచుల కింద చూడండి. అర్ధచంద్రాకారంలో నల్లగా వేలాడుతుంటే అది కొండ తేనెటీగల పట్టు. కనీసం 200 మీటర్లు దూరం జరగండి.

సందులు, గుహలు. ఎలుగ్గొడ్డు పగలు పడుకునేది బండల సందుల్లోనే. లోపలికి పోయే సందు ముందు పేడ లాంటి రెట్ట, గోళ్ల గీతలు, తవ్విన పుట్టలు కనిపిస్తే ఆ వైపే వద్దు.

గాలి. ఒక గుడ్డ పేలిక కర్రకి కట్టి పది నిమిషాలు చూడండి. చలికాలంలో గాలి ఎక్కువగా ఈశాన్యం నుంచి వస్తుంది గానీ బండల మధ్య దూరి దిశ మార్చుకుంటుంది, అందుకే పేలికనే నమ్మండి. గాలిబండ లాంటి శిఖరం మీద నిలబడి ఫొటో దిగొచ్చు, టెంట్ మాత్రం బండకి చాటున, గాలి తగలని వైపు వేయాలి. రెండు బండల మధ్య ఇరుకు దారి చాటులా కనిపిస్తుంది. నిజానికి గాలి అక్కడే రెట్టింపు జోరుతో దూసుకొస్తుంది.

6. మేకు దిగని చోట టెంట్

వరస ముఖ్యం. ఇలాగే చేయండి.

ఒకటి, నేల మీది గరుసు, పుల్లలు చేత్తో కాదు, చెప్పుతో ఊడ్చండి. తేళ్లు ఉండేది అక్కడే.

రెండు, బరకం పరచండి. టెంట్ అడుగు కంటే అన్నివైపులా నాలుగు వేళ్లు లోపలికి ఉండాలి. బయటికి పొడుచుకొస్తే వాన కప్పు మీంచి జారిన నీళ్లు దానిమీద పడి నేరుగా మీ పడక కిందికి పోతాయి. అందరూ చేసే తప్పు ఇదే.

మూడు, టెంట్ పరిచి, కడ్డీలు దూర్చేముందే లోపల నాలుగు మూలల్లో బ్యాగులు పెట్టండి. బండ మీద గాలికి ఖాళీ టెంట్ లేచిపోతే లోయలోకే.

నాలుగు, ద్వారం గాలికి ఎదురుగా కాకుండా తిప్పి నిలబెట్టండి.

ఐదు, తాళ్లు. ఇక్కడ కాస్త ఓపిక పట్టాలి.

చిన్నరాయి–పెద్దరాయి పద్ధతి: రెండు మూడు కిలోల రాయికి తాడు కట్టి, టెంట్ మూల నుంచి మీటరున్నర దూరంలో పెట్టండి. ఆ రాయికీ టెంట్‌కీ మధ్య, తాడు మీద, 15–20 కిలోల పెద్ద రాయి మోపండి. తాడు లాగినకొద్దీ చిన్నరాయి పెద్దరాయికి వెనకనుంచి బిగుసుకుంటుంది. ఒట్టి పెద్దరాయికే తాడు చుడితే అది జారుతుంది, లేదా తాడు పైకి పాకి ఊడొస్తుంది.

రాయి ఎత్తే పద్ధతి కూడా ఉంది. తొడుగులు వేసుకుని, అవతలి అంచు పట్టుకుని మీ వైపుకి లేపండి. సందు అవతలికి తెరుచుకుంటుంది, కింద తేలో జెర్రో ఉంటే అటే పోతుంది. ఇవతలి అంచు పట్టి లేపితే నేరుగా మీ కాళ్ల మీదికి.

రాళ్లు దొరకకపోతే యూరియా సంచుల్లో విడిగా పడి ఉన్న గులకరాళ్లు మూడో వంతు నింపండి, ఒక్కోటి పాతిక కిలోలు తూగుతుంది. మూతి ముడేసి, ముడి కింద తాడు బిగించండి. నేల తవ్వొద్దు. నీళ్ల క్యానుకి తాడు కడుతుంటారు కొందరు. మొదటి రాత్రి బాగానే ఉంటుంది, రెండో రాత్రికి క్యాను ఖాళీ.

బిగింపుకి లారీవాళ్లు లోడు కట్టే ముడే మేలు. తాడు మధ్యలో ఒక ఉచ్చు వేసి, కొసని రాయి దగ్గరి కట్టులోంచి తిప్పి తెచ్చి ఆ ఉచ్చులో దూర్చి కిందికి లాగండి. ఒక మనిషి బలానికి దాదాపు రెట్టింపు బిగువు వస్తుంది. పైన రెండు అరముళ్లు.

చివరిగా, తాడు బండ అంచుకి తగిలే ప్రతిచోటా లుంగీ ముక్క చుట్టండి. గ్రానైటు అంచు చేతికి నున్నగానే తోస్తుంది. కానీ అందులోని పలుగు గింజలు ఆకురాయి పని చేస్తాయి. రాత్రంతా గాలికి ముందుకీ వెనక్కీ ఒరిసిన నైలాన్ తాడు ముందు తెల్లగా నూగు లేస్తుంది, తర్వాత ఒక్కో పోగు తెగుతుంది. పడుకునే ముందు టార్చి వేసి ఆ నూగు కోసమే చూడండి. కనిపిస్తే చోటు జరిపి కట్టండి.

బండకి డ్రిల్లు వేయడం, మేకు కొట్టడం, చిన్న చెట్లకి తాడు బిగించడం చేయొద్దు.

7. పడక

చలి పైనుంచి వస్తుందని మనవాళ్లు రెండు రగ్గులు కప్పుకుంటారు, కింద ఒక చాప. తిరగేయాలి. పగలు ఎండకి కాగిన బండ రాత్రి ఎనిమిదింటి దాకా వెచ్చగానే ఉంటుంది, అందుకే మోసపోతారు. రెండింటికి అది చల్లబడి మీ ఒంట్లోని వేడిని లాగడం మొదలెడుతుంది.

కింద నుంచి పైకి వరస: బరకం, టెంట్ అడుగు, ఫోమ్ మ్యాట్, బొంత, మనిషి, రగ్గు. గాలి పరుపు తెస్తామంటారు చాలామంది. దాని లోపలి గాలి కదులుతూ చల్లదనాన్ని పైకి మోస్తుంది. తెస్తే ఫోమ్ మ్యాట్ దాని పైన వేయండి.

టెంట్ పైన ఉన్న గాలి కంతలు రెండూ తెరిచే ఉంచాలి. వెచ్చదనం కోసం మూస్తే ఆవిరి పట్టి పడక తడుస్తుంది, తడిస్తే చలి ఇంకా ఎక్కువ. టెంట్ లోపల పొయ్యి, కుంపటి, బొగ్గులు ఎంత చలైనా వద్దు. కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన లేదు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది.

జిప్పు ఎప్పుడూ పూర్తిగా మూసే ఉండాలి. కట్లపాము రాత్రి తిరుగుతుంది, నేల మీద పడుకున్నవాళ్లనే ఎక్కువగా కరుస్తుంది, కాటు నొప్పి కూడా పెద్దగా తెలియదు. బూట్లు లోపలే పెట్టుకుని, పొద్దున దులిపి తొడుక్కోండి.

8. నీళ్లు, వంట

మనిషికి రోజుకి 5 లీటర్లు. నలుగురికి రెండు రోజులంటే 40, అంటే 20 లీటర్ల క్యాన్లు రెండు. చేతులు, గిన్నెలు కడగడానికి ఇంకొకటి. బండల మీద దొనల్లో నిలిచిన నీళ్లు తేటగానే కనిపిస్తాయి గానీ కోతులు, గొర్రెలు తాగేవి అవే. తాగాల్సి వస్తే గుడ్డతో వడగట్టి, తెర్లడం మొదలయ్యాక ఒక నిమిషం మరిగించండి.

ఆ ఎత్తులో నీళ్లు 96 డిగ్రీల దగ్గరే మరుగుతాయి. తేడా నాలుగు డిగ్రీలే అయినా మూత లేని గిన్నెలో కందిపప్పు మెత్తబడకపోవడానికి అది చాలు, గంటైనా పలుకు పలుకుగానే ఉంటుంది. మూడు లీటర్ల కుక్కరు తెచ్చుకోండి, పప్పు రెండు గంటలు నానబెట్టండి, ఇంట్లో వేసేదానికంటే ఒక విజిల్ ఎక్కువ రానివ్వండి. బియ్యం పూటకి మనిషికి 120 గ్రాములు.

మొదటి రాత్రి వంట పెట్టుకోకపోవడమే తెలివి. ఇంటినుంచి పులిహోర, పెరుగన్నం తెచ్చుకుంటే సాయంత్రమంతా టెంట్‌కి దొరుకుతుంది. రెండో రోజుకి పప్పు, అన్నం, కారప్పొడి, నెయ్యి. చేపల పులుసు మీద మనకి ఎంత ప్రేమున్నా కొండ మీద వద్దు. ఆ వాసన అడవిలో ఎంత దూరం పోతుందో మీకంటే ఎలుగ్గొడ్డుకి బాగా తెలుసు.

చిన్న బ్యూటేన్ డబ్బా పొయ్యి చలికి మందగిస్తుంది. డబ్బాని వెలిగించేముందు పావుగంట జాకెట్ లోపల పెట్టుకోండి. మంట దగ్గర, వేడినీళ్లలో కాచొద్దు. డబ్బా పక్కనే అమరే పొయ్యి మీద దాని మీదికి వచ్చేంత వెడల్పు గిన్నె పెడితే వేడి కిందికి కొట్టి పేలుతుంది.

కట్టెల మంట అడగొద్దు. అడవిలో నిప్పు నేరం. అదీగాక బండ మీద మంట వేస్తే గ్రానైటు పెచ్చులెగిరి ముఖాన తగలొచ్చు, నల్ల మచ్చ ఏళ్ల తరబడి పోదు.

తిన్నాక మిగిలినవి, చెత్త, టూత్‌పేస్టు కూడా గట్టి డబ్బాలో పెట్టి కారు డిక్కీలో పెట్టండి. టెంట్‌లో బిస్కెట్ పొట్లం ఉంటే పొద్దున కోతి జిప్పు తీయదు, గుడ్డ చించుతుంది.

9. బండల మీద

పొడి గ్రానైటు చెప్పుకి బాగా పట్టిస్తుంది. చీమకుర్తి పాలిష్ రాయి మీద జారిన అనుభవంతో అతిగా భయపడక్కర్లేదు. భయపడాల్సింది తడికి, పాచికి, బండ మీద పరుచుకున్న సన్న గరుసుకి. ఎక్కిన చోటునుంచే దిగగలరో లేదో ఎక్కకముందే చూసుకోండి. ఎక్కడం చేతులతో, దిగడం కళ్లతో, రెండోది కష్టం.

- తెల్లవారుజామున, మునిమాపు వేళ సందుల వైపు ఒంటరిగా పోవద్దు, మాట్లాడుకుంటూ నడవండి
- సెంటు, అగరొత్తులు, సిగరెట్ పొగ తేనెపట్టు దగ్గర వద్దు
- తేనెటీగలు లేస్తే ముఖం కప్పుకుని పరుగెత్తి కారులో దూరండి, చేతులతో కొట్టొద్దు, ముల్లుని గోరుతో గీకి తీయండి
- పాము కరిస్తే కోయొద్దు, తాడు బిగించొద్దు, కాలు కదలకుండా పలకకట్టు కట్టి 108కి ఫోన్ చేసి మదనపల్లె ప్రభుత్వ ఆసుపత్రికి

ఉరుము వినబడితే అన్నీ వదిలి కారులోకి. మెరుపుకీ ఉరుముకీ మధ్య 30 లెక్కపెట్టేలోపు శబ్దం వస్తే పిడుగు మీ పరిధిలో ఉన్నట్టే. చివరి ఉరుము తర్వాత అరగంట ఆగండి. ఒంటరి బండ, దాని కింది చాటు, టెంట్ ఏవీ రక్షణ కాదు. పిడుగు బండ మీద పాకి సందులోకి దూకుతుంది. పిడుగు హెచ్చరికలిచ్చే దామిని యాప్ ముందే ఫోన్‌లో వేసుకోండి, సిగ్నల్ ఉన్నప్పుడు చూసుకోవచ్చు.

మరుగుదొడ్డి వాడటానికి వీలుంటే అదే వాడండి. లేకపోతే మట్టి ఉన్న చోట జానెడు లోతు తవ్వి, నీటికి 60 మీటర్ల దూరంలో. బండ మీద పైపైన మట్టి కప్పితే తొలి వానకి దొనలోకి చేరుతుంది.

10. విప్పడం

విప్పడానికీ ఒక వరస ఉంది: వాన కప్పు విప్పి గుంజి ఆరబెట్టండి, పడకలు తీయండి, చివరిదాకా బ్యాగులు టెంట్‌లోనే ఉంచండి, కడ్డీలు తీశాకే బయట పెట్టండి. తాళ్లు ఆఖరున. రాళ్లని ఎక్కడివక్కడ, పాచి ఉన్న వైపు పైకి వచ్చేలా పెట్టండి. సంచుల్లో గులకరాళ్లు దొరికిన చోటే పోయండి. తాడు ముక్కలు, విరిగిన మేకులు ఏరుకోండి.

ఇంటికి వచ్చాక టెంట్‌ని అటక ఎక్కించేముందు రోజంతా నీడలో ఆరేయండి. కొండ మీద ఎండినట్టే ఉంటుంది గానీ కుట్లలో తడి మిగులుతుంది. మన ఉక్కపోతకి వారం తిరక్కుండా బూజు పట్టి, లోపలి పూత జిగటగా ఊడొస్తుంది. కడ్డీల అతుకుల్లో చేరిన గరుసు పొడి గుడ్డతో తుడవండి, అది ఉండగా మడిస్తే వచ్చేసారి అతుకు దగ్గరే పగులుతుంది.